పాత సింథసైజరులు – కొత్త అనుకరణలు

రేడియోలో మాటాడువానికి ఒక కొఱత కలదు. చెప్పబోవు వస్తువును బొమ్మగా చూపుటకు వీలులేదు. కాని నేటి నా విషయమునకు ఆ కొఱతయే మేలు చేయునని తలచుచున్నాను. ఏలయన, పాత సింథసైజరులను అనుకరించు సాఫ్టువేరులను కొనదలచినవారిని మొట్టమొదట మోసపుచ్చునది బొమ్మయే. కంప్యూటరు తెఱపై చెక్క అంచులు, నల్లని లోహపు పలక, వరుసలు తీర్చిన నాబులు మొదలైనవానినన్నిటిని అచ్చుగుద్దినట్లు చిత్రింతురు. దానిని చూచుటతోడనే చెవి తన పనిని కంటికి అప్పగించి ఊరకుండును. ఈ పదునైదు నిమిషములు మనకు బొమ్మ లేదు గనుక చెవితోనే ఆలోచింతము.

ఈ ప్రసంగము చేయవలెనని నాకు తోచుటకు కారణము మా మేనల్లుడు. అతడు పెండ్లి కచేరీలలోను, లలితసంగీత బృందములలోను కీబోర్డు వాయించును. రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో ఒకనాడు నాయొద్దకు వచ్చి, "మామయ్యా, ఇరువది పాత వాద్యముల అనుకరణలను ఒక్క మూటగా కట్టి సగము వెలకు ఇచ్చుచున్నారు. పండుగ వెళ్లినచో వెల పెరుగునట. కొనమందురా?" అని అడిగెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. అట్టి మూటనే నేనొకప్పుడు కొనియుంటిని. అందులో సిద్ధము చేసి యుంచిన ధ్వనులను ఒకదాని తరువాత ఒకటి మీటి చూచుటతోనే ఒక సంవత్సరము గడచిపోయినది. ఒక్క వరుసయైనను కట్టలేదు. సొమ్ము పోయినందుకు నాకంత విచారము లేదు. ఆ యేడు పోయినందుకే విచారము.

ఇంతకును ఆ పాత వాద్యము లెట్టివి? అనలాగు సింథసైజరు విద్యుత్తును నాదముగా మలచు యంత్రము. అందు ముఖ్యముగా మూడు భాగములుండును. మొదటిది ఆసిలేటరు. ఇది నాదమును పుట్టించును. రంపపు పండ్లవలె లేచి పడు విద్యుత్తరంగమును పుట్టించినచో, మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరము లన్నియు అందులో నుండును. రెండవది ఫిల్టరు, అనగా వడపోత. పై అనుస్వరములను ఇది కోసివేయును. నోటితో "ఊ" అని ఆరంభించి మెల్లగా "ఆ" అని తెఱచి చూడుడు. కంఠము పలుకు శ్రుతి మాఱలేదు. నోటి ఆకారము మాఱుటచే నాదపు రంగు మాఱినది. ఫిల్టరు చేయు పనియు నట్టిదే. మూడవది ఎన్వలపు. నాదము తటాలున పుట్టవలెనా, మెల్లగా పొంగవలెనా, చేయి తీసిన తరువాత ఎంతసేపు నిలువవలెనా అను సంగతిని ఇది నిర్ణయించును.

ఈ భాగములను వోల్టేజిచే నడుపు పద్ధతిని 1964 లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున రాబర్టు మోగ్ అను ఇంజనీరు వాద్యముగా రూపొందించెను. ఆయన పేరును "మూగ్" అని పలుకువారు పెక్కురు కలరు. ఆయన మాత్రము "మోగ్" అనియే పలికెడివాడు. అది మూగవాద్యము కాదు, మ్రోగు వాద్యమని మనము జ్ఞాపకముంచుకొనవచ్చును. 1968 లో వెండీ కార్లోస్ ఈ యంత్రముపై బాఖ్ సంగీతమును వాయించి వెలువరించిన రికార్డు లోకమును ఆశ్చర్యపఱచినది. 1970 లో వచ్చిన మినీమోగ్ ఒక్క మనుష్యుడు వేదికపై వాయించుటకు వీలైనది. అందు 44 మెట్లు, 3 ఆసిలేటరులు కలవు; ఒక్కమాఱు ఒక్క స్వరమే పలుకును. 1977 లో జపానుదేశపు యమహా వారి సి.ఎస్.-80 వచ్చినది. అది ఎనిమిది స్వరములను ఒక్కమాఱే పలుకును. బరువు సుమారు 100 కిలోలు. 1978 లో డేవ్ స్మిత్ రూపొందించిన ప్రొఫెట్-5 అయిదు స్వరములు పలుకుటయేగాక, వాయించువాడు అమర్చుకొన్న ధ్వనులను జ్ఞాపకముంచుకొనుట నేర్చినది. రోలాండు వారి జూపిటర్-8 1981 లోను, జూనో-60 1982 లోను వెలువడినవి.

1983 లో అంకెల లెక్కతో నాదమును పుట్టించు యమహా డి.ఎక్స్.7 రాగానే ఈ పాతవన్నియు మూలబడినవి. మఱి కొన్నేండ్లకు వాని నాదముపై జనులకు మరల మోజు పుట్టినది. మూలబడిన యంత్రముల వెల నేడు లక్షల రూపాయలకు చేరినది. కొన్నను వానిని బాగుచేయువారు దొరకుట దుర్లభము. కావున మా మేనల్లునివంటివారికి అనుకరణయే దారి. 1996 లో స్టైన్‌బర్గు వారు వి.ఎస్.టి. అను ఏర్పాటు చేయగా, కాలక్రమమున కంప్యూటరులోనే వాద్యములను అమర్చు మార్గము ఏర్పడినది. 2004 నాటికి ఫ్రాన్సులోని ఆర్టూరియా వారు మినీమోగ్ అనుకరణను వెలువరించిరి. నేడు పేరుపొందిన పాత వాద్యములకు పలు అనుకరణలు కలవు. కొన్ని ఉచితము, కొన్ని వెలగలవి.

వీనిలో మేలైన దేదో తెలియవలెనన్నచో, అనుకరించుటలోని చిక్కులు తెలియవలెను. అవి ముఖ్యముగా మూడు.

మొదటి చిక్కు లెక్కింపులోనిది. కంప్యూటరు నాదమును అఖండముగా పుట్టింపజాలదు. సెకనుకు 44,100 మాఱులు ఒక్కొక్క అంకెను వ్రాయుచు పోవును. అందు సగము, అనగా 22,050 పౌనఃపున్యమువఱకే అది సత్యముగా చూపగలదు. 5,000 పౌనఃపున్యము గల రంపపు తరంగమును తీసికొందము. దాని అనుస్వరములు 10,000, 15,000, 20,000 వఱకు సరిగానే వచ్చును. తరువాతిది 25,000. దానికి చోటు లేదు. చోటు లేనిది పోయి ఊరకుండదు. గోడకు కొట్టిన బంతివలె వెనుకకు మఱలి, 44,100 నుండి 25,000 తీసివేయగా మిగిలిన 19,100 వద్ద పలుకును. 40,000 నకు చెందినది 4,100 వద్ద పలుకును. ఇది మూలస్వరముకంటెను క్రిందిది. ఏ శ్రుతికిని చేరని దొంగస్వరము. ఈ దోషమును ఇంగ్లీషువారు ఏలియాసింగు అందురు. మంచి అనుకరణ చేయువారు దీనిని అణచుటకు ఎంతయో శ్రమపడుదురు.

రెండవ చిక్కు ఫిల్టరులోనిది. మోగ్ ఫిల్టరు నిచ్చెన ఆకారమున నాలుగు మెట్లుగా అమర్చిన ట్రాన్సిస్టరులు, కెపాసిటరులు గలది. ఒక్కొక్క మెట్టు కొంత కొంత కోయును. చివర వచ్చినదానిలో కొంత మరల మొదటికి త్రిప్పి పంపుదురు. ఇట్లు త్రిప్పినకొలది కోతస్థానమున ఉన్న అనుస్వరము ప్రకాశించును. దీనినే రెజొనెన్సు అందురు. తంబుర గుఱ్ఱముపై తీగక్రింద నుంచిన దారపు పోగును సవరించినప్పుడు ఒక్కసారిగా నాదము విచ్చుకొనుట మీరు వినియుందురు. ఆ పోలికతో దీనిని కొంత ఊహింపవచ్చును. విద్యుత్తులో త్రిప్పి పంపుట తత్‌క్షణమే జరుగును. కంప్యూటరులోనన్నచో ముందటి అంకె సిద్ధమైన పిదపగాని దానిని త్రిప్పి పంపుటకు వీలులేదు. ఈ ఒక్క అంకె ఆలస్యమే ఫిల్టరు శ్రుతిని, నడకను చెఱచుచుండెడిది. ఆ ఆలస్యము లేకుండ ప్రతి క్షణమునకును సమీకరణములను సాధించు పద్ధతి తరువాత వాడుకలోనికి వచ్చినది. బెర్లిను నగరమందలి యు-హీ వారు 2011 లో వెలువరించిన దీవా అను వాద్యము ఈ పద్ధతికి పేరుపొందినది. అయితే ఇంత లెక్క చేయుటకు కంప్యూటరు చాల కష్టపడవలెను.

మూడవ చిక్కు వింతైనది. పాత యంత్రముల దోషములే వాని సొగసైనవి. ఆసిలేటరులు వేడిమికి శ్రుతి తప్పుచుండెడివి. మినీమోగ్‌లో మూడు ఆసిలేటరులు ఒకదానికొకటి వెంట్రుకవాసి యెడముగా నడచుటచేతనే నాదము నిండుగా నుండును. ఆసిలేటరులనుండి ఫిల్టరునకు పోవు సంకేతము ఉద్దేశించినదానికంటె బలముగా నుండుటచే ఫిల్టరు కొంత నలిగి, నాదమునకు ఒక ఒరపు వచ్చినది. వాయించువారు ఇంతటితో తృప్తిపడక, హెడ్‌ఫోను రంధ్రమునుండి బయటకు వచ్చు సంకేతమును మరల లోనికి కలిపి ఇంకను నలిపెడివారు. ఈ దోషముల నన్నిటిని తీసివేసి శుద్ధమైన లెక్కను మాత్రమే అనుకరించినచో వచ్చునది మినీమోగ్ కాదు. అట్లని ప్రతి వాద్యమునకును చంచలత్వమును కలిపినను పొరపాటే. జూనో-60 లో ఆసిలేటరులను నిలుకడగల అంకెల గడియారము నడుపును గనుక అది శ్రుతి తప్పదు. దాని వెడల్పంతయు కోరస్ అను భాగమునుండి వచ్చినది. శ్రుతి తప్పు జూనో అనుకరణ చెవికి ఇంపుగా నుండవచ్చును గాని అది జూనో కాదు.

ఈ మూడు చిక్కులు తెలిసిన పిమ్మట పరీక్ష సులువు. తయారుచేయువారిలో పెక్కురు కొన్నాళ్లు ఊరక వాడి చూచుటకు అనుమతింతురు. ఆ దినములలో సిద్ధధ్వనులను త్రిప్పుచు కూర్చుండక ఈ క్రింది పనులు చేయుడు.

ముందుగా ప్రతిధ్వనులను, కోరస్ మొదలైన అలంకారములను ఆర్పివేయుడు. జూనో పరీక్షలో మాత్రము కోరస్‌ను పిదప వేసి మరల వినవలెను. దుకాణములో పట్టుచీర మీద వేయు దీపములవంటి వివి. దీపము తీసిన తరువాత చీర రంగు చూడవలెను. రెండు అనుకరణలను పోల్చునప్పుడు రెండింటి బిగ్గరతనము సమానముగా నుండునట్లు చూచుకొనుడు. కొంచెము బిగ్గరగా పలుకునదియే మేలైనదని చెవి భ్రమపడును.

తరువాత ఒక్క ఆసిలేటరును రంపపు తరంగముపై నుంచి, ఫిల్టరును పూర్తిగా తెఱచి, పై స్థాయిలో ఒక స్వరమును పట్టి మెల్లగా ఇంకను పైకి జార్చుడు. స్వరము పైకి పోవుచుండగా వెనుక ఏదేని సన్నని ధ్వని క్రిందికి దిగుచున్నట్లు వినవచ్చినచో, ఇందాక చెప్పిన దొంగస్వరము లున్నవన్నమాట.

మూడవ పరీక్ష ఫిల్టరునకు. ఆసిలేటరుల నన్నిటిని ఆపి రెజొనెన్సును తుదవఱకు త్రిప్పుడు. మినీమోగ్‌వంటి దాని ఫిల్టరు తానే ఈల వేయును. కోతస్థానపు నాబును మెల్లగా త్రిప్పుచు ఆ ఈలను వినుడు. అది నూనెవలె జాఱవలెను. మెట్లు దిగినట్లు గరగరలాడరాదు. పిదప ఆసిలేటరును కలిపి రెజొనెన్సును పెంచినచో మంద్రము కొంత పలుచబడవలెను. అది మోగ్ నిచ్చెన స్వభావము. పలుచబడనిచో ఆ ఫిల్టరు చెడ్డదని కాదు, వేఱొక వంశమునకు చెందినదని గ్రహింపవలెను.

నాలుగవది, ఒకే మెట్టును ఒకే తీరున పదిమాఱులు మీటుడు. పదియు అచ్చుబొమ్మలవలె ఒక్కటిగా నున్నచో మినీమోగ్ అనుకరణలో జీవము లేదు. పది పది విధములుగా పోవుచున్నచో అతిగా కలిపినారు. మంచి పాటకుడు ఒకే సంగతిని పదిమాఱులు పాడినప్పటి భేదమువంటి భేదము మాత్రమే ఉండవలెను.

అయిదవది మీ కంప్యూటరు శక్తి. వేలు పడినది మొదలు నాదము వచ్చువఱకు గల ఆలస్యము 256 అంకెల అరలో సుమారు 6 మిల్లీసెకనులు, 1,024 అంకెల అరలో సుమారు 23 మిల్లీసెకనులు. మొదటిది చేతికి తెలియదు. రెండవదానితో మృదంగము వెంట వాయించుట కష్టము. లెక్క ఎక్కువ చేయు వాద్యము చిన్న కంప్యూటరుపై చిన్న అరలో నడువక తెగితెగి పలుకును. మీ యింటి యంత్రముపై నడువని ఉత్తమ వాద్యముకంటె, నడచు మధ్యమ వాద్యమే మీకు ఉత్తమము.

ఇక ఏది ఎవరికి తగును? ఇది పేరునుబట్టి కాక పనినిబట్టి తేల్చుకొనవలసిన విషయము. ఒక్క కంఠముతో పాడు వరుసకును, గట్టి మంద్రమునకును మినీమోగ్ వంశము తగినది. దానికి ఆర్టూరియా వారి అనుకరణ కలదు. 2018 లో మోగ్ సంస్థయే ఐప్యాడునకు తగినట్లు ఒకటి చేసినది. కలిసి పలుకు స్వరసముదాయములకు ప్రొఫెట్-5 కావలెనన్నచో యు-హీ వారి రెప్రో-5 ను వినవచ్చును. పాట వెనుక మెత్తని పఱుపువలె నుండు నాదమునకు జూనో తగును. టాల్ వారి యు-నో-ఎల్‌ఎక్స్ ఆ జూనో-60 ననుసరించినది. సి.ఎస్.-80 సంగతి వేఱు. 1982 నాటి బ్లేడ్ రన్నర్ చలనచిత్రమునకు వాంజెలిస్ కూర్చిన సంగీతములో దానిని విన్నవారికి మనసు పడుట సహజము. కాని దాని ప్రాణము మెట్లలో నున్నది. మీటిన తరువాత ఏ వ్రేలిని ఎంత అదిమినచో ఆ స్వరము అంతగా వేఱుగా స్పందించును. అట్టి స్పర్శ నెఱుగని కీబోర్డుతో దాని అనుకరణను కొన్నవారికి దక్కునది సగమే.

చేత సొమ్ము లేనివారు నిరాశపడ నక్కఱలేదు. ఓబర్‌హైమ్ వాద్యముల ననుసరించిన ఓ.బి.-ఎక్స్.డి. అను అనుకరణ ఉచితముగా ఆరంభమై పేరుపొందినది. సర్జ్ ఎక్స్.టి. అనునది ఏ ఒక్క పాత వాద్యమునకును నకలు కాదు. కాని ఆసిలేటరు, ఫిల్టరు, ఎన్వలపు అనువాని నడవడిని నేర్చుకొనుటకు అంతకంటె మంచి బడి ఉచితముగా దొరకుట అరుదు. దాని మూలరచనయంతయు బహిరంగమైనది గనుక ఒక సంస్థ మూతపడినను అది నిలిచియుండును. వెలపెట్టి కొనునప్పుడు ఈ నిలుకడ సంగతిని తప్పక ఆలోచింపవలెను. నెలనెల అద్దె కట్టవలెనా, ఒక్కమాఱు కొన్నచో చాలునా, కంప్యూటరు మార్చినప్పుడు మరల తెఱచుకొనునా, ఈ మూడింటిని ముందుగా అడిగి తెలిసికొనుడు.

ఈ వాద్యములు మన సంగీతమునకు పనికివచ్చునా అని కొందఱు సందేహింతురు. ఈ దేశములో వీని చరిత్ర కొత్తది కాదు. 1969 లోనే అహమ్మదాబాదునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా విద్వాంసుడు మోగ్ యంత్రముతో ఒక స్టూడియోను నెలకొల్పెను. 1982 లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ జూపిటర్-8, టి.బి.-303 అను యంత్రములను, టి.ఆర్.-808 అను తాళయంత్రమును తీసికొని పది హిందూస్థానీ రాగములను వాయించి రికార్డుగా వెలువరించెను. నాడు దానిని లక్ష్యపెట్టినవారు తక్కువ. 2010 లో మరల వెలువడిన తరువాత ప్రపంచమున పలుచోట్ల దానిని శ్రద్ధగా వినిరి. టి.బి.-303 ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు తెగకుండ జాఱగలదు. అట్టి జారుడు రాగమునకు అనువైనది.

కావున మనవారు అనుకరణను కొనునప్పుడు మఱి రెండు సంగతులు విచారింపవలెను. స్వరమునుండి స్వరమునకు జాఱునప్పుడు ఎన్వలపు మరల మొదటినుండి ఆరంభింపకుండ నాదమును సాగనిచ్చునా? ఇది లేనిచో గమకము ముక్కలగును. రెండవది శ్రుతి. కీబోర్డు స్థాయిని పండ్రెండు సమభాగములుగా పంచును. అందలి అంతర గాంధారము, షడ్జమముతో శుద్ధముగా కలిసి పలుకు గాంధారముకంటె సుమారు 14 సెంట్లు హెచ్చు. సెంటు అనగా స్థాయిలో 1,200 వ వంతు. తంబురతో కూర్చి వాయించినప్పుడు ఈ భేదము చెవికి తగులును. శ్రుతిపట్టికలను మార్చుకొనుటకు వీలిచ్చు వాద్యములు కలవు. ఉచితమైన సర్జ్‌లో ఆ వీలున్నది. ఇంత వెలపెట్టి కొన్న దానిలో ఉన్నదో లేదో అడిగి తెలిసికొనుట మన హక్కు.

మా మేనల్లుని సంగతి చెప్పి ముగింతును. "మూట కొనుటకు ముందు ఒక్క నెల ఉచితమైన దానితోనే గడుపుము, అందులోను ఒక్క ధ్వనినే నీ చేతులతో ఆదినుండి అమర్చుకొనుము" అంటిని. పండుగ వెళ్లిపోయినది, వెల పెరిగినది. నెల గడచిన పిదప అతడు వచ్చి, తాను వాయించునది చాలవఱకు ఒక్క కంఠపు వరుసయే గనుక మినీమోగ్ వంటి దొక్కటి చాలునని తానే తేల్చి చెప్పెను. రెండు అనుకరణలను తన కంప్యూటరుపై పరీక్షించి ఒకటి కొనెను. మిగిలిన సొమ్ముతో నాబులు గల చిన్న కీబోర్డు తెచ్చుకొనెను. తెఱపై మౌసుతో ఒక్కొక్క నాబును త్రిప్పుటకంటె, ఎడమచేయి ఫిల్టరుపై నుంచి కుడిచేత వాయించుటలోనే ఆ పాత వాద్యపు రుచి తెలియునని అతడనగా విని సంతోషించితిని.

పాత యంత్రము ఎట్లుండెడిదో చెప్పు బొమ్మలు వేలకొలది దొరకును. అది చేతిక్రింద ఎట్లు నడచెడిదో చెప్పగలది అనుకరణలోని లెక్కయు, దానిని పరీక్షించు మీ చెవియు మాత్రమే. మీలో కొనదలచినవారెవరైన నున్నచో, నేటి రాత్రి తెఱ వెలుతురు తగ్గించి, ఒక్క రంపపు తరంగమును పట్టి, ఫిల్టరును ఒక్కసారి మెల్లగా తెఱచి మూయుడు. ఆ ఒక్క చలనము మీకు మరల మరల వినవలెననిపించినచో దానిని కొనవచ్చును. అనిపింపనిచో ఎన్ని వందల సిద్ధధ్వనులున్నను దానిని విడిచిపెట్టుడు.